దక్షిణాఫ్రికా గడ్డలు, సక్యులెంట్లు మన వరంగల్ మిద్దె మీద: గింజ నుంచి మొక్క దాకా

హన్మకొండలో మా మిద్దె మీద ఒక పాత థర్మామీటర్ ఉంది. దసరా దాటిన దగ్గర్నుంచి రోజూ పొద్దున ఆరింటికి దాన్ని చూడటం నాకు అలవాటు. 18 డిగ్రీలకు దిగిందంటే ఫ్రిజ్‌లో దాచిన గింజల డబ్బా బయటికి తీస్తాను. అప్పటిదాకా ఎంత ఆరాటం ఉన్నా మూత తియ్యను. ఈ సంగతి నేర్చుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో మట్టిలో కలిసిపోయిన లాచెనాలియా, ఫ్రీజియా అనే దక్షిణాఫ్రికా పూల గడ్డల గింజలకు లెక్కలేదు.

గింజ మొలవకపోతే మనం ముందు గింజనే అనుమానిస్తాం, తర్వాత మట్టిని, ఆ తర్వాత నీళ్లను. దక్షిణాఫ్రికా మొక్కల విషయంలో చాలాసార్లు తప్పంతా నెలదే. సొంతూళ్లో ఏ కాలం వానకు అలవాటు పడిందో ఆ గింజ ఇక్కడా అదే కాలం కోసం చూస్తుంది. ఆ ఒక్క లెక్క సరిగ్గా కుదిరితే మిగతా పని మిరప నారు పోసినంత తేలిక.

ముందు గింజ సొంతూరి వాన తెలుసుకోండి

దక్షిణాఫ్రికాలో వానలు రెండు రకాలుగా పడతాయి. కేప్ టౌన్ ఉన్న నైరుతి వైపు చలికాలంలో, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా వాన పడుతుంది, ఎండాకాలం పొడిగా పోతుంది. క్వాజులు-నాటాల్, డ్రాకెన్స్‌బర్గ్ కొండలున్న తూర్పు వైపు మనలాగే వేడి రోజుల్లో వాన, చలికాలం పొడి. రెండింటి మధ్యలో కరూ అనే ఎడారి లాంటి మైదానం ఉంది. అక్కడ వాన తక్కువ, పడే కాలం కూడా చోటును బట్టి మారుతుంది.

అది భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న దేశం కాబట్టి మనకు వానాకాలం నడిచే నెలల్లో వాళ్లకు చలికాలం. నెలల పేర్లు పట్టుకుంటే గందరగోళమే. వాన చలిలోనా, వేడిలోనా అన్నది ఒక్కటే చూడండి.

వేడిలో వాన కోరేవి మన వాతావరణంలో సులువుగా ఒదుగుతాయి. యూకోమిస్ (పువ్వు అచ్చం చిన్న అనాసపండులా ఉంటుంది), గ్లాడియోలస్ డాలెనియై, క్రైనమ్, స్కాడోక్సస్, లెడెబూరియా, కలబంద జాతిలో చాలా రకాలు ఈ కోవలోవి. చలిలో వాన కోరేవి లాచెనాలియా, ఫ్రీజియా, బాబియానా, స్పరాక్సిస్, మొరేయా, వెల్తీమియా, సక్యులెంట్లలో (ఆకుల్లో, కాండంలో నీళ్లు దాచుకునే మొక్కలు) కోనోఫైటమ్. వీటికి మన వానాకాలం శత్రువు. మన చలికాలంలో వాన ఉండదు కాబట్టి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆ వానను మనం చేత్తో కురిపించాలి.

కొత్తవాళ్లకు నా సలహా ఒక్కటే: వేడి వాన రకాలతో మొదలుపెట్టండి. ఒక ఏడాది యూకోమిస్, కలబంద మొలిపించాక లాచెనాలియా జోలికి వెళ్లండి. ఎడారి గులాబీ గింజలు మొలిపించిన అనుభవం ఉంటే సగం పని మీకు వచ్చేసినట్టే. ఈ దేశపు మొక్కలు మనకు మరీ కొత్తవి కూడా కావు. పెళ్లి మండపాల్లో కట్టే జెర్బెరా, గుత్తుల్లో పెట్టే గ్లాడియోలస్, నర్సరీలో జేడ్ పేరుతో అమ్మే పోర్టులకేరియా, వీటన్నిటి మూలాలు అక్కడివే.

గింజలు ఎక్కడ నుంచి

విదేశాల నుంచి కవర్లో గింజలు తెప్పించుకోవడం చాలామంది చేస్తున్నారు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం దానికి ఇంపోర్ట్ పర్మిట్, పంపే దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవన్న పత్రం) కావాలి. అవి లేకుండా వచ్చిన కవరుతో పాటు మన మిరప, పత్తి చేలకు కొత్త తెగులో పురుగో రావచ్చు. ఎనుమాముల మార్కెట్ చుట్టూ ఇన్ని వేల కుటుంబాలు పంట మీద బతికే చోట అది చిన్న విషయం కాదు. మన దేశంలోనే గింజ కట్టించే పెంపకందార్ల దగ్గర కొనండి, లేదా మీ మొక్కల పూలకు మీరే పుప్పొడి అద్ది గింజ తీయండి.

దేశంలోనే తీసిన గింజకు ఇంకో లాభం ఉంది. నెరీన్, బ్రున్స్విజియా లాంటి వాటి గింజలు అక్కడ వాళ్ల చలికాలం మొదలయ్యే ముందు పండుతాయి. అంటే మనకు ఏప్రిల్, మే. వాటిని దాచడం కుదరదు, వెంటనే నాటాలి, నాటితే మన రోహిణి కార్తె ఎండ. ఇక్కడ పెరిగి మన కాలాలకు అలవాటు పడిన తల్లి మొక్క గింజకు ఈ తిప్పలు ఉండవు.

నీలం, గులాబీ, ఊదా రంగు లితాప్స్ (గులకరాళ్లలా కనిపించే సక్యులెంట్లు) ఫొటోలు పెట్టి అమ్మేవాళ్లను నమ్మకండి. ఒక ఆన్‌లైన్ దుకాణంలో నేను కొన్న ‘రంగురంగుల రాళ్ల మొక్కల’ గింజల్లోంచి ఏదో గడ్డి మొలిచింది. లితాప్స్ అసలు రంగులు బూడిద, గోధుమ, లేత ఆకుపచ్చ, మట్టి ఎరుపు. అసలు గింజ దాదాపు దుమ్ములా సన్నగా ఉంటుంది. ఆవగింజంత ఉంటే అది లితాప్స్ కాదు.

ఇంకొక మాట మనసులోంచి చెప్పాలి. అడవిలోంచి తవ్వి తెచ్చిన మొక్కను ఎంత తక్కువకు ఇస్తానన్నా కొనకండి. 2019 తర్వాత దక్షిణాఫ్రికా వాయవ్యంలోని నమక్వాలాండ్‌లో కోనోఫైటమ్ మొక్కలను దొంగలు లక్షల్లో పెకిలించుకుపోయారు. ఒక్క గుట్ట మీద తప్ప ఎక్కడా పెరగని రకాలు వాటిలో ఉన్నాయి. గింజ నుంచి పెంచిన ప్రతి మొక్క అలా పెకిలించే ఒక మొక్కకు బదులు నిలుస్తుంది. నేను ఈ పని ఇంత పట్టుదలగా చేయడానికి పెద్ద కారణం అదే.

గింజను చేతిలోకి తీసుకుని చూడండి

ప్యాకెట్ మీద పేరు లేకపోయినా గింజ రూపం చూస్తే ఏం చేయాలో తెలిసిపోతుంది.

కండ ఉన్న గింజలు: క్రైనమ్, నెరీన్, హీమాంథస్, స్కాడోక్సస్, క్లైవియా. ఇవి బఠాణీలా, కొన్ని చిన్న ఆలుగడ్డలా తడిగా, బరువుగా ఉంటాయి. వీటిని ఎండబెట్టారా, చచ్చినట్టే. మామిడి టెంకను, పనస గింజను ఎండబెట్టి దాచలేం కదా, ఇవీ అంతే. సొంతూళ్లో ఇవి వానల ముందు పూసి, వాన పడే వేళకు గింజ రాలుస్తాయి. నేల తడిగానే ఉంటుంది కాబట్టి నిద్రపోవాల్సిన అవసరం వీటికి రాలేదు. క్రైనమ్ గింజ బల్ల మీద పెట్టినా, నీళ్లు చుక్క లేకున్నా మొలుస్తుంది, దానికి కావాల్సిన తేమ దాని కండలోనే ఉంటుంది.

నల్లని, కాగితంలా పలుచని గింజలు: సిర్టాంథస్. వీటిని గ్లాసులో నీళ్ల మీద తేలేస్తే చాలు. వారం, రెండు వారాల్లో వేరు కిందికి దిగుతుంది. రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. వేరు సెంటీమీటరు పొడవయ్యాక మట్టిలోకి మార్చాలి. పిల్లలున్న ఇంట్లో మొదట ఇదే చేయండి. గాజు గ్లాసులో వేరు దిగడం చూసిన పిల్లలు మళ్లీ మళ్లీ వచ్చి చూస్తారు.

గట్టి గుండ్రని గింజలు: ఫ్రీజియా, మొరేయా, లాచెనాలియా, యూకోమిస్. వీటిని గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో దాచుకోవచ్చు. సీసా అడుగున వేయించి చల్లార్చిన బియ్యం గుడ్డలో మూట కట్టి వేస్తే చెమ్మ లాగుతుంది. ఫ్రీజియాను నాటే ముందు ఒక రోజంతా నీళ్లలో నానబెట్టండి. లాచెనాలియాకు నానబెట్టే అవసరం లేదు.

దుమ్ము లాంటి గింజలు: లితాప్స్, కోనోఫైటమ్. వీటి కాయ గురించి చెప్పకుండా ఉండలేను. మన బెండ, నువ్వు, పత్తి కాయలు ఎండితే పగులుతాయి. లితాప్స్ కాయ ఎండినప్పుడు బిగుసుకుని, తడిస్తే తెరుచుకుంటుంది. ఎండిన కాయ మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. నిమిషాల్లోనే రెక్కలు పువ్వులా విచ్చుకుంటాయి. వాన చినుకు లోపల పడి గింజలను చుట్టూ చిమ్ముతుంది. నీళ్లు ఎప్పుడైతే ఉంటాయో అప్పుడే గింజలు బయటికి వస్తాయన్నమాట. గింజ తీయాలంటే మీరూ అదే చేయాలి: చిన్న గిన్నెలో కాయను నీళ్లలో వేసి, విచ్చుకున్నాక పుల్లతో సున్నితంగా కదిపి, గింజలను టిష్యూ కాగితం మీద వడగట్టి నీడలో ఆరబెట్టండి.

మట్టి: మన చుట్టూ ఉన్నదే చాలు

ఈ మొక్కలకు కావాల్సింది నీళ్లు నిలవని, ఎరువు లేని రాతి మట్టి. దాని కోసం ఖరీదైన సంచులు కొనక్కర్లేదు. వరంగల్, కరీంనగర్ చుట్టూ ఉన్నదంతా గ్రానైట్ దేశమే. క్రషర్ దగ్గర దొరికే సన్న చిప్స్, రోడ్ల పక్కన పోసే మొరం, ఈ రెండూ మనకు వరం లాంటివి.

మొరాన్ని పిండి జల్లెడతో జల్లించి దుమ్ము పారేయండి, పైన మిగిలిన గరుకు వాడండి. చిప్స్‌ను నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. కడగకపోతే ఆ రాతి పొడి కుండీ అడుగున సిమెంటులా పేరుకుంటుంది. కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) ఉప్పు ఉంటుంది, రెండు మూడు నీళ్లు మార్చి పిండాలి. నల్లరేగడి మాత్రం ఒక్క చిటికెడు కూడా వద్దు. అది ఆరినప్పుడు బీటలు వారి, వెంట్రుకంత వేళ్లను తెంపేస్తుంది.

సక్యులెంట్లకు నేను వాడే పాళ్లు: జల్లించిన మొరం రెండు, సన్న చిప్స్ రెండు, కోకోపీట్ ఒకటి. గడ్డలకు దొడ్డు ఇసుక రెండు, మొరం ఒకటి, కోకోపీట్ ఒకటి. వర్మీ కంపోస్టు, పశువుల ఎరువు మొలిచే దశలో వేస్తే బూజును పిలిచినట్టే.

కలిపిన మట్టిని తడిపి, ఒక పాత ఇడ్లీ పాత్రలో అరగంట ఆవిరి పట్టండి. ఈ పాత్ర మళ్లీ వంటకు వాడకూడదు. మట్టి పూర్తిగా చల్లారాకే నాటాలి. ఈ మెట్టు బద్ధకించి వదిలేసినప్పుడల్లా నేను నారు పోగొట్టుకున్నాను.

కుండీ సంగతికొస్తే, సక్యులెంట్లకు పెరుగు డబ్బాలు సరిపోతాయి. గడ్డలకు లోతు కావాలి, 12 నుంచి 15 సెంటీమీటర్లు. బాబియానా, మొరేయా లాంటి వాటి వేళ్లు ముడుచుకుంటూ గడ్డను ఏటా కిందికి లాగుతాయి. లోతు లేకపోతే గడ్డ అడుగుకు తగిలి చిన్నబోతుంది. పొడవాటి డిస్పోజబుల్ గ్లాసులకు కాల్చిన చువ్వతో నాలుగైదు చిల్లులు పెడితే మంచి కుండీలు.

నీళ్లు వాన నీళ్లయితే శ్రేష్ఠం. శ్రావణంలో రెండు డ్రమ్ములు పట్టి మూత పెట్టుకుంటే చలికాలానికి సరిపోతాయి. బోరు నీళ్లలోని ఉప్పు కుండీ మీద తెల్లగా పేరుకుని లేత మొలకను మాడుస్తుంది. ఆర్వో యంత్రం నుంచి వచ్చే మంచి నీళ్లు వాడవచ్చు, పక్క పైపు నుంచి పారే వృథా నీళ్లు వద్దు, బోరు నీళ్లకన్నా వాటిలోనే ఉప్పు ఎక్కువ.

ఎప్పుడు నాటాలి

మన రైతుల కార్తెల లెక్క ఈ పనికి భలే పనికొస్తుంది.

స్వాతి కార్తె చివర, విశాఖ కార్తెలో, అంటే నవంబర్ మొదటి మూడు వారాల్లో కేప్ గడ్డలు (కేప్ టౌన్ వైపు చలిలో వాన కోరేవి), సక్యులెంట్లలో లితాప్స్, హావర్తియా, గాస్టీరియా నాటండి. ఆదిలాబాద్, నిర్మల్, ఆసిఫాబాద్ వైపు ఉన్నవాళ్లు మా కన్నా అదృష్టవంతులు. అక్కడ చలి ముందే దిగి గట్టిగా నిలుస్తుంది, ఒక వారం ముందే మొదలుపెట్టవచ్చు.

మాఘం వెళ్లి ఎండ చురుక్కుమనే వేళ, ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి మధ్య దాకా, కలబంద రకాలు, యూఫోర్బియా ఒబీసా, పాకీపోడియం, ఎడారి గులాబీ. వీటికి 25 నుంచి 30 డిగ్రీల వేడి ఇష్టం. చాలామంది వీటిని వానాకాలంలో నాటుతారు. గాలిలో చెమ్మ వల్ల మొలక సులువే, కానీ కుళ్లు కూడా అంతే సులువు. నేను ఫిబ్రవరికే ఓటు వేస్తాను.

మృగశిర దాటి వానలు కుదురుకున్నాక, జూన్ చివర్లో, యూకోమిస్, గ్లాడియోలస్ డాలెనియై. వాన నేరుగా కుండీ మీద పడకుండా రేకు కిందో, సజ్జా కిందో పెట్టాలి.

కండ ఉన్న గింజలకు కార్తె లేదు. చేతికి వచ్చిన రోజే నాటాలి.

కేప్ గడ్డలు: రంజన్ పద్ధతి

లాచెనాలియా, ఫ్రీజియాలకు మొలవడానికి 10 నుంచి 18 డిగ్రీల మధ్య చల్లదనం కావాలి. నవంబర్‌లో మనకు రాత్రి బాగానే ఉంటుంది, పగలు 30 దాటుతుంది. ఈ చిక్కు తీర్చింది మా అమ్మమ్మ ఇంట్లోని రంజన్, అంటే తాగే నీళ్ల మట్టి కుండ. మట్టి గోడలోంచి నీరు చెమర్చి ఆవిరవుతుంటే లోపలి నీళ్లు చల్లబడతాయి. నవంబర్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆ పని ఇంకా బాగా జరుగుతుంది.

రంగు వేయని పెద్ద మట్టి కుండీ ఒకటి తీసుకోండి. అడుగున నాలుగు వేళ్ల మందం ఇసుక పోసి, గింజలు నాటిన గ్లాసులను అందులో దించి, మధ్య ఖాళీలన్నీ దొడ్డు ఇసుకతో నింపండి. ఆ ఇసుకను పొద్దున, సాయంత్రం తడపండి. గాలి ఆడే నీడలో పెట్టండి. మా మిద్దె మీద మధ్యాహ్నం పూట గ్లాసులోని మట్టి బయటి గాలి కన్నా నాలుగైదు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. ఆ కాస్త తేడాతోనే మొలకల సంఖ్య మారిపోయింది.

ఇక నాటే విధానం. గ్లాసును పైన రెండు సెంటీమీటర్లు వదిలి మట్టితో నింపండి. నీళ్ల పళ్లెంలో పెట్టి, పై మట్టి రంగు ముదిరేదాకా కింది నుంచి తడి ఎక్కనివ్వండి. గింజలను వేలి మందం ఎడంగా పరవండి. గింజ ఎంత మందమో అంతే మందాన సన్న చిప్స్ పైన చల్లండి. చిప్స్ గింజను కదలనివ్వవు, పాచి పట్టకుండా ఆపుతాయి, లేత మొలక మెడ దగ్గర తడి నిలవనివ్వవు. కుండీకి పేరు, తేదీ రాసిన పట్టీ గుచ్చండి. మార్కర్ రాత ఎండకు ఆరు నెలల్లో ఎగిరిపోతుంది. ప్లాస్టిక్ పట్టీ మీద పెన్సిల్ రాత ఏళ్లు నిలుస్తుంది.

లాచెనాలియా రెండు, నాలుగు వారాల్లో మొలుస్తుంది. ఫ్రీజియా, మొరేయా ఆరేడు వారాలు కూడా తీసుకుంటాయి. మొలక గడ్డిపోచలా ఉంటుంది, కలుపనుకుని పీకకండి. మొలిచాక పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగలాలి. రెండో ఆకు వచ్చాక పదిహేను రోజులకోసారి, డబ్బా మీద రాసిన మోతాదులో నాలుగో వంతు బలంతో నీళ్లలో కరిగే ఎరువు ఇవ్వండి. మనకు దొరికే చల్లని రోజులు వంద మాత్రమే, ఆ వంద రోజుల్లో గడ్డ ఎంత ఊరితే వేసవికి అంత భద్రం.

కోతులు, ఉడుతలు, చీమలు మన ఊళ్లలో పెద్ద బెడద. కుండీల మీద ఇనుప జాలీ కప్పి రాళ్లు పెట్టండి. పళ్లెంలో నీళ్లుంటే చీమలు దాటవు.

లితాప్స్: ఓపిక పట్టాల్సిన పని

1811లో విలియం బర్చెల్ అనే ఆంగ్లేయ యాత్రికుడు ప్రీస్కా దగ్గర నేల మీద ఒక వింత గులకరాయి చూసి చేతిలోకి తీసుకుంటే అది మొక్క అని తేలింది. లితాప్స్ సంగతి బయటి లోకానికి అలా తెలిసింది. గింజ నుంచి ఆ రాయి ఆకారం మీ కుండీలో తయారవడం చూడటానికి ఏడాది పైనే పడుతుంది, పువ్వుకు మూడేళ్లు.

మట్టి పైపొర అర సెంటీమీటరు బాగా సన్నగా జల్లించినది వేయండి. గింజను చెంచాడు పొడి సన్న ఇసుకతో కలిపి, మడిచిన కాగితంలోంచి తడుతూ చల్లండి. పైన ఏమీ కప్పకూడదు, వీటికి వెలుగు కావాలి. కింది నుంచి తడిపి, డబ్బాను జిప్ కవర్లో పెట్టి మూసి, ఎండ తగలని వెలుగులో ఉంచండి. వారం, రెండు వారాల్లో పచ్చని ఆవగింజల్లా మొలకలు కనిపిస్తాయి.

ఈ కవరుతో జాగ్రత్త. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ఎండ గోడ మీదుగా తిరిగి నా కవరు మీద రెండు గంటలు పడింది. సాయంత్రం చూస్తే లోపల మొలకలన్నీ ఉడికిపోయి ఉన్నాయి. అప్పటి నుంచి కవర్లన్నీ ఉత్తరం కిటికీ దగ్గరే పెడుతున్నాను. ఎండ రాని గది అయితే 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ ట్యూబును డబ్బాలకు జానెడు ఎత్తున కట్టి పన్నెండు గంటలు వెలిగించండి. మొలకలు సన్నగా పైకి సాగాయంటే వెలుగు చాలడం లేదని అర్థం.

మూడు వారాల తర్వాత కవరు మూత రోజుకు కొంచెం తెరుస్తూ, పది రోజుల్లో పూర్తిగా తీసేయండి. ఒక్కసారిగా తీస్తే మన పొడి గాలికి గంటల్లో ఎండిపోతాయి. పెద్ద లితాప్స్‌కు నీళ్లు తక్కువ పోయాలని అందరూ చెబుతారు. ఆ మాట మొదటి ఏడాది పిల్లకు వర్తించదు. పై మట్టి ఆరిన మర్నాడు కింది నుంచి తడి ఇవ్వండి.

కండ గింజలు, వేడి రకాలు

క్లైవియా, స్కాడోక్సస్ పండ్లయితే గుజ్జు తీసి, గింజ మీది పలుచని పొర కూడా గోటితో గీకి, చుక్క గిన్నెల సబ్బుతో కడగండి. పొర మిగిలితే అక్కడే బూజు మొదలవుతుంది. గింజను మట్టి మీద సగం మునిగేలా ఒత్తండి, పూడ్చకండి. నీడ, తేమ ఉంటే నెల, నెలన్నరలో వేరు వస్తుంది. వేరు పైకి లేచి గాలిలో తిరుగుతుంటే పుల్లతో చిన్న గుంట చేసి దాన్ని కిందికి దించండి. క్లైవియా అడవి నీడ మొక్క, మన మే నెల దానికి కష్టం. ఇంట్లో చల్లటి మూల, రోజూ ఆకుల మీద తడి ఇవ్వగలిగితేనే పెట్టుకోండి. క్రైనమ్ అయితే ఎలాంటి టెన్షన్ లేకుండా పెరుగుతుంది.

క్లైవియా, స్కాడోక్సస్, క్రైనమ్ జాతి గడ్డలు, ఆకులు విషం. ఇదే జాతికి చెందిన బూఫోన్ అనే మొక్క గడ్డ రసాన్ని అక్కడి శాన్ వేటగాళ్లు బాణాలకు పూసేవారు. మేకలు, చిన్నపిల్లలు తిరిగే చోట పెట్టవద్దు.

కలబంద గింజలు రెక్కలతో తేలికగా ఉంటాయి. తాజావి రెండు మూడు వారాల్లో మొలుస్తాయి, ఏడాది దాటితే శక్తి తగ్గుతుంది. యూఫోర్బియా ఒబీసాలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. కాయ పండితే పటుక్కున పేలి గింజను దూరంగా విసురుతుంది, కాబట్టి ముందే పలుచని గుడ్డ సంచి కట్టాలి. దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, తాకిన చెయ్యి వెంటనే కడుక్కోండి.

నారుకుళ్లు

మిరప, టమాట నారు పోసిన ఇంట్లో ఈ పేరు తెలియనివాళ్లు ఉండరు. నిన్న నిలబడ్డ మొలక పొద్దున్నే మొదలు దగ్గర నీరు కారినట్టయి పడిపోతుంది. ఒకటి పడితే మూడు రోజుల్లో డబ్బా ఖాళీ.

ఆవిరి పట్టిన మట్టిలో కిలోకు చెంచాడు ట్రైకోడెర్మా విరిడి (కుళ్లు తెగులును అణిచే మేలైన బూజు పొడి) కలిపి నాటడం నాకు బాగా పనిచేసింది. ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది. అయినా కుళ్లు కనిపిస్తే పడిన మొలకలను చుట్టూ మట్టితో సహా చెంచాతో ఎత్తేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మిగతా మట్టి తడిచేలా పోయండి. మూత తెరిచి గాలి ఆడనివ్వండి. కుండీల మీద చిన్న నల్లని ఈగలు తిరుగుతుంటే పసుపు జిగురు అట్టలు వేలాడదీయండి, వాటి పురుగులు లేత వేళ్లు తింటాయి.

పొగ అవసరమా?

కేప్ పొదల గింజలకు పొగ పెట్టాలని వినే ఉంటారు. అది నిజమే. అక్కడి పొదలు కొన్నేళ్లకోసారి తగలబడతాయి, ఆ తర్వాతే గింజలు లేస్తాయి. 1990లో డి లాంగ్, బౌచర్ అనే శాస్త్రవేత్తలు వేడి కాదు, పొగే గింజను లేపుతోందని చూపించారు. పొగలోని ఆ పదార్థాన్ని 2004లో గుర్తించారు. మొక్కల నార కాలినప్పుడు అది పుడుతుంది. అందుకే సాంబ్రాణి పొగ కన్నా ఎండుగడ్డి పొగ నయం.

అయితే ఇది ఎక్కువగా ప్రోటియా కుటుంబపు పొదలకు, గడ్డిలా కనిపించే రెస్టియో మొక్కలకు కావాలి. పైన చెప్పిన గడ్డలు, సక్యులెంట్లు పొగ లేకుండానే మొలుస్తాయి. మీ దగ్గర రెస్టియో గింజలుంటే, నాటి తడిపిన కుండీని అట్టపెట్టె కింద పెట్టి, దూరంగా ఎండుగడ్డి రాజేసి, పొగ చల్లబడేలా పొడవాటి గొట్టం గుండా గంటసేపు లోపలికి పంపండి.

మొదటి వేసవి

మార్చి మధ్యలో కేప్ గడ్డల ఆకులు పసుపు తిరుగుతాయి. అది చావు కాదు, నిద్ర. నీళ్లు తగ్గించి, ఆకులు పూర్తిగా ఎండాక ఆపేయండి. గడ్డలు శనగగింజంత, కొన్ని పెసరగింజంత ఉంటాయి. తవ్వి చూడాలని ఎంత అనిపించినా తవ్వవద్దు. కుండీలను అలాగే మెట్ల కిందో, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి అర్రలోనో పెట్టండి. మరీ చిన్న గడ్డలు పూర్తిగా వడలిపోకుండా నెలకోసారి కుండీ అంచున రెండు చెంచాల నీళ్లు చాలు. వానాకాలం మొత్తం ఇలాగే, వాన చుక్క పడకుండా ఉంచాలి. ఎక్కువమంది గడ్డలు పోగొట్టుకునేది మే ఎండకు కాదు, జూలై ముసురుకు.

లితాప్స్ పిల్లలను ఏప్రిల్ నుంచి 75 శాతం షేడ్ నెట్ కింద, నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి. మిద్దె స్లాబు రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. నీళ్లు వారానికి ఒకసారి, అదీ సూర్యుడు దిగాక, పై పొర తడిసేంత మాత్రమే. కలబంద, ఎడారి గులాబీ నారుకు 50 శాతం నెట్ సరిపోతుంది, అవి ఈ రోజుల్లోనే జోరుగా పెరుగుతాయి.

బతుకమ్మ పూలు తెచ్చే రోజుల్లో అర్రలోని కుండీలు బయటికి తీసి పైన చిప్స్ కదిపి చూడండి. కొన్నిటిలో మీరు నీళ్లు పోయకముందే తెల్లని మొన కనిపిస్తుంది. రాత్రి చలి తగిలిందని గడ్డకు తెలిసిపోయింది. మొన కనిపించిన కుండీలకు మొదటి తడి ఇవ్వండి. కనిపించని వాటిని నవంబర్ దాకా పొడిగానే ఉంచండి. ఫ్రీజియా, లాచెనాలియా రెండో మూడో చలికాలానికి పూస్తాయి. కుండీ మార్చడం మూడో ఏడాది నిద్రలో ఉన్నప్పుడే, గడ్డలు గోళీలంత అయ్యాక.